అవ్వ తూకం

నిజామాబాద్,
18 నవంబర్ 1997

ఆత్మారాం మామకు,

నమస్కారంతో మొదలుపెడదామని కూర్చున్నాను. కలం పట్టుకుంటే తిట్లే వస్తున్నాయి. అవి నీకు కావు, ఈ ఊరి డాక్టర్లకు. కోపం తెచ్చుకోకుండా చదువు.

నీ చెల్లె, మా అవ్వ బొడ్డు దగ్గర వాపు సంగతి నీకు కొంత తెలుసు. దసరాకు ముందు నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు కొబ్బరికాయంత అయింది. దగ్గితే బయటికి ఉబుకుతుంది. పడుకొని అరచేత్తో ఒత్తితే గుడగుడమంటూ లోపలికి పోతుంది. నెల రోజులుగా అదీ సరిగా పోవడం లేదు. తిన్నది వాంతి అవుతోంది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి నాలుగు వందల దగ్గరే చాట పక్కన పెడుతోంది. పొట్ట గోడ చీలి పేగు బయటికి జారిందని, ఆపరేషన్ తప్ప మందు లేదని చూసినవాళ్లందరూ చెప్పారు. చెప్పడం వరకే. చేస్తానన్నవాడు లేడు.

మొదటి డాక్టరు అవ్వను తాకనేలేదు. బల్ల అవతల నుంచే "నలభై కిలోలు తగ్గి రాపో అమ్మా, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఏం తింటావని అడగలేదు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని, పొద్దుగూకేదాకా ఒకేచోట కాళ్లు ముడుచుకొని కూర్చునే పని మా వాడలో ఎందరు ఆడవాళ్లను ఇలా చేసిందో అతనికి అక్కరలేదు. రెండో అతని దగ్గర బీపీ చూసే పట్టీ అవ్వ చేతికి చాలలేదు. నర్సు గుంజి కట్టి గాలి కొట్టగానే చర్రున ఊడిపోయింది. నాలుగోసారి ఎలాగో నిలబడితే రెండు వందలు అంది, గోలీలు రాసిచ్చారు. అవి మింగిన మూడోరోజు అవ్వ పంపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. సన్న చేతికి కుట్టిన పట్టీ లావు చేతికి కడితే లేని బీపీ చూపిస్తుందట. ఈ సంగతి చెప్పింది డాక్టర్ తిరుపతమ్మ, మత్తుమందు ఇచ్చే ఆమె. తొడకు కట్టే పెద్ద పట్టీ తెచ్చి అవ్వ చేతికి చుట్టి, నూట నలభై అని చూపించింది.

ఆమె పనిచేసేది ఖలీల్‌వాడి గల్లీలో ఒక మేడ మీది ఆసుపత్రి. అక్కడి సర్జన్ డాక్టర్ రాజనర్సు. అవ్వ పొట్ట మీద చేయి వేసి చూసిన మొదటి మనిషి అతనే. ఇరవై ఐదున ఆపరేషన్ అన్నాడు. బరువెంత అని అడిగాడు. వాళ్ల తూకం యంత్రం అద్దం పగిలి మూలన పడి ఉంది. అవ్వే జవాబు చెప్పింది: "తొంభై ఎనిమిది. మా అన్న బోధన్ల బెల్లం కాటా పలుకుతడు. సమ్మక్క మొక్కుకు ఆయనే తూచిండు." రెండేళ్లు గడిచాయి కదా అని డాక్టరు పన్నెండు కలిపి నూట పది అని రాసుకున్నాడు.

నాకు కామెర్లు ముదిరినప్పుడు, నేను బతికితే తన నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మేడారం తల్లులకు ఇస్తానని అవ్వ మొక్కింది. ఆ మొక్కు నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. నన్ను బతికించింది సెలైన్ సీసాలు. కానీ ఈసారికి అది పనికొచ్చింది, చేతిలో ఒక అంకె అయినా ఉంది.

నువ్వు ఇరవై నాలుగు సాయంత్రానికి రావాలి. బాపు లేడు. అవ్వ నోరు తెరిచి అడగదు గానీ గేటు చప్పుడైతే తల తిప్పుతోంది.

నీ అల్లుడు
తుకారాం


బోధన్,
21 నవంబర్ 1997

అల్లుడు తుకారాంకు,

మామ దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెల్లెకు ఇంత బాధ ఉందని తెలియదు. దసరాకు వచ్చినప్పుడు కొంగు అడ్డం వేసుకొని తిరిగింది.

సీజన్ మొదలైంది. తెల్లవారితే యార్డు నిండా బండ్లు. కాటా మీద వేరేవాడు నిలబడితే రైతు నమ్మడు, సేటూ నమ్మడు. ముప్పై ఏళ్లుగా నేను పలికిన అంకెను ఎవరూ మళ్లీ తూపించలేదు. అందుకే కదలలేకపోతున్నాను. మొన్నటి వానకు యార్డంతా బురద, ఒక బండి ఎద్దు కూలబడితే నలుగురం లేపాం. నా నడుము పట్టేసింది.

ఒక్క మాట వింటావా. ఆపరేషన్‌కు ముందు చెల్లెను ఒకసారి మా కాటా మీద తూపిద్దాం. బస్సు వద్దు, నేనే జీపు పంపుతాను. తూకం కాగానే అదే జీపులో తిరిగి పోవచ్చు. పాత అంకె పట్టుకొని కత్తి పెట్టించొద్దు. డాక్టరుకు కూడా చెప్పు, ఆ తొంభై ఎనిమిదిని లెక్కలోకి తీసుకోవద్దని. ఎందుకని నన్ను అడగకు.

చెల్లెను మెట్లు ఎక్కనివ్వకు.

మీ మామ
ఆత్మారాం


నిజామాబాద్,
26 నవంబర్ 1997

మామా,

నీ ఉత్తరం నేను పనిచేసే ప్రెస్సులో చదివి, నలిపి, సిరాగుడ్డల డబ్బాలో వేశాను. బెల్లం ముద్దలు తూచే పలక మీద మా అవ్వను నిలబెడతావా? మీ హమాలీలు బీడీలు తాగుతూ చూస్తారా? ఆ బీడీలు ఆమె చుట్టినవే అయి ఉంటాయి. ముప్పై కిలోమీటర్లు, గంటకో బస్సు. నీకు రావడానికి తీరిక లేదు, ఆమెను సరుకులాగా రప్పించుకోవడానికి జీపు మాత్రం ఉంది. నీ మాట డాక్టరుకు చెప్పలేదు, అవ్వకు చదివి వినిపించలేదు. మామ దీవించాడు, పని ఒత్తిడి అని మాత్రం చెప్పాను.

నిన్న జరిగింది విను.

స్ట్రెచర్ ఆమెకు ఇరుకు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మేడ మీదికి మోశాం. రెండో మలుపులో కుర్చీ కాలు విరిగింది. మిగిలిన తొమ్మిది మెట్లు అవ్వ గోడ పట్టుకొని తనే ఎక్కింది. నరం దొరక్క రెండు చేతుల మీదా ఎనిమిది చోట్ల పొడిచారు. వెన్నులో మత్తుసూది గుచ్చితే, సూది పిడిదాకా దిగినా చేరవలసిన చోటు అందలేదు. సరే, పూర్తి మత్తు ఇద్దామని వెల్లకిలా పడుకోబెట్టారు. ఆమె ఒంటి బరువు ఆమె రొమ్ము మీదే పడి ఊపిరి ఆడలేదు. "లేపుండ్రి, సస్తున్న" అనడం తలుపు బయట నాకు వినిపించింది. తలవైపు ఎత్తుదామని బల్లను పంపు తొక్కి లేపారు. బల్ల కిర్రుమని ఒక పక్కకు కుంగింది. అవ్వ జారిపోయింది. డాక్టర్ తిరుపతమ్మ భుజం అడ్డం పెట్టి ఆపకపోతే నేల మీద పడేది.

నేను లోపలికి ఉరికాను. అవ్వ మీద గుడ్డ లేదు. ఆరుగురు ఉన్నారు, అందరూ ఆమెను పట్టుకున్నారు, కప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. నేను కప్పాను. ఆమె నా ముఖం చూడలేదు.

ఆపరేషన్ ఆపేశారు. కిందికి దింపుతుంటే వార్డు బాయ్ కాశయ్య అన్నాడు: "ఇగ రేపు చెరుకు దించే క్రేను తెప్పియ్యాలె." ఇద్దరు నర్సులు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. అవ్వ కూడా నవ్వింది, మామా. నాకు అన్నిటికంటే ఆ నవ్వే రోత పుట్టించింది. ఎన్నేళ్లు అలవాటు పడితే ఒక మనిషి అక్కడ నవ్వగలదు?

బల్ల కింద ఇత్తడి రేకు ఉంది, నూట ఇరవై కిలోలు మోస్తుందని. అవ్వ నూట పదికి మించదు. మరి ఎందుకు కుంగింది? చవకబారు బల్ల కొని దొంగ రేకు అంటించారు. ఇవాళ పొద్దున యజమాని రాకముందే అక్షరాలు పేర్చి ఐదు వందల కరపత్రాలు తీశాను. పేరు: "నూట ఇరవై అని రాసి తొంభై ఎనిమిదిని మోయలేని బల్ల." డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు పెద్ద అక్షరాల్లో వేశాను. నీ పేరూ వేశాను, బోధన్ కాటా మీద అచ్చంగా తూచిన అంకె అని. బస్టాండులో, గాంధీచౌక్‌లో పంచాను. ఒకటి దీనితో పంపుతున్నాను.

నీ జీపు నీ దగ్గరే ఉండనీ.

తుకారాం


బోధన్,
30 నవంబర్ 1997

తుకారాం,

నువ్వు పంపినది చేరకముందే కరపత్రం చూశాను. వర్ని నుంచి బెల్లం తెచ్చిన రైతు దాన్ని జేబులోంచి తీసి, "గిది నువ్వే గదా ఆత్మారాం పటేలా, నీ కాటా నిజామాబాద్ దాకా పోయింది" అన్నాడు. మెచ్చుకున్నాడు. వాడి బండి తూచి పంపి, ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

ఆ తొంభై ఎనిమిది నేను పలికిన అబద్ధం.

మొక్కు తూకం రోజు యార్డు నిండా జనం. నలభై మందైనా ఉంటారు. చెల్లె పసుపు చీర కట్టుకొని, తల స్నానం చేసి వచ్చింది. పలక మీద కాలు పెట్టగానే పోశయ్య, మా హమాలీ, వాడిది చెడ్డ నోరు కాదు గాని నోరు ఆగదు, "పైలం అన్నా, కాటా ఇరుగుతది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాటా దండె మీద తూకపు గుండు జరుపుతూ పోతున్నాను. వంద దాటింది. నూట పది దాటింది. చెల్లె నా వైపు చూస్తోంది. నువ్వు బతికినందుకు మొక్కు తీర్చుకుంటున్న మనిషి ముఖం అది, నిండు కుండలాగా ఉంది. నూట ఇరవై ఏడు దగ్గర దండె నిలబడింది. అప్పుడే ఇంకెవడో నవ్వాడు. నేను చేత్తో గుండు వెనక్కి తోసి "తొంభై ఎనిమిది" అని పలికాను. బెల్లం కూడా అంతే తూచాను. ఇరవై తొమ్మిది కిలోలు మొక్కులో తక్కువ చేశాను, తల్లుల దగ్గర.

ముప్పై ఏళ్లలో తప్పు పలికింది ఆ ఒక్కటే. అది పోయి చెల్లె వెన్నులో సూదిగా గుచ్చుకుంటుందని, ఆమె కింద బల్ల కుంగుతుందని నాకేం తెలుసు? రాకపోవడానికి సీజన్ కారణం కాదు. ఆ అంకె ఆమె నోట మళ్లీ వినలేక రాలేదు. అందుకే తూపిద్దాం అన్నాను. నువ్వు వేరే తీరుగా అర్థం చేసుకున్నావు. నేను చెప్పిన తీరూ అలాగే ఉంది.

డాక్టరు తప్పు ఎంతో నాకు తెలియదు. బల్ల తప్పు మాత్రం లేదు.

ఆత్మారాం


నిజామాబాద్,
4 డిసెంబర్ 1997

మామా,

నీ ఉత్తరం చదివాక నీకు రాయకూడదనుకున్నాను. నాలుగు రోజుల్లో రెండు విషయాలు జరిగాయి కాబట్టి రాస్తున్నాను.

మొదటిది. మొన్న తెల్లవారి అవ్వ వాపు రాయిలా గట్టిపడింది. లోపలికి పోలేదు. పచ్చని వాంతులు. ఆటోలో వేసుకొని ఏ ఆసుపత్రికి పోవాలి? ఖలీల్‌వాడి మొత్తంలో నా కరపత్రం అందని తలుపు లేదు. మూడు చోట్ల వాకిట్లోంచే పంపేశారు. చివరికి అదే మేడ కింద నిలబడ్డాను. అవ్వను కింద ఉంచి పైన డాక్టర్ రాజనర్సు గదికి ఉరికాను. కరపత్రాన్ని తలుపుకు లోపలివైపు అంటించుకున్నాడు. అచ్చుతప్పులకు ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాడు. నేను దాన్ని చూస్తుండగా తిరుపతమ్మ కిందికి దిగి, మెట్ల కిందనే బెంచీ మీద అవ్వను పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి, ఐసు ముక్కలు గుడ్డలో కట్టి, అరగంట ఒత్తి ఒత్తి పేగును లోపలికి పంపింది. ఎడమ చేత్తోనే. కుడి భుజం ఇంకా లేవడం లేదు.

నేను నీ అబద్ధం సంగతి చెప్పాను. రాజనర్సు అరవలేదు. అరిస్తే బాగుండేది. అతను అన్న మాట ఇది: "అంకె తప్పని నీకు తెల్వదు, సరే. అడగకుండ రాసుకున్న నాకు బుద్ధి లేదు. ఇంకోసారి ఇరుక్కుంటే పేగు కుళ్లుతది. పది పన్నెండు దినాల లోపట చెయ్యాలె. మందు ఎంతియ్యాలె, బల్ల ఎంత మొయ్యాలె, అన్నిటికీ నాకు నిజమైన తూకం కావాలె. తెచ్చినంక మాట్లాడు."

రెండోది అవ్వ. కాటా ఎక్కను అంటోంది. నాకు ఓపిక పోయి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. తునికాకు కత్తిరిస్తూనే ఉంది.

"నాకెర్కనే గదరా," అంది. "పదికిలోల ముద్దలు తొమ్మిది, మీద ఓ చిన్నది పెట్టిండు. నా ఒళ్లు నాకు తెల్వదా? నలుగుట్ల మా అన్న ఓ మాట పలికినంక నేను కాదంటే ఆయన కాటాకు ఇజ్జతుంటదా?"

ఆసుపత్రిలో ఎందుకు చెప్పావు అని అరిచాను. "అడిగిండ్రు. మా అన్న పలికింది చెప్పిన," అంది.

నువ్వు ఆమె పరువు కోసం అబద్ధం ఆడావు. ఆమె నీ పరువు కోసం అదే అబద్ధాన్ని కత్తి కిందికి మోసుకెళ్లింది. మీ అన్నాచెల్లెళ్ల మధ్యలో నేను, ఆ అబద్ధాన్ని ఐదు వందల కాపీలు అచ్చువేసి ఊరంతా పంచినవాణ్ణి.

ఇప్పుడు మళ్లీ కాటా ఎక్కితే నీ పరువు పోతుందని ఎక్కదట. ఆమెకు నువ్వే చెప్పాలి. ఉత్తరంలో కాదు.

తుకారాం


బోధన్,
6 డిసెంబర్ 1997

అల్లుడా,

తొమ్మిదో తారీఖు పొద్దున జీపులో నేనే వస్తాను. ఇద్దరినీ తీసుకొస్తాను. మధ్యాహ్నం హమాలీలు బువ్వకు పోయే వేళ యార్డు తలుపులు వేయిస్తాను. చెల్లె, నువ్వు, నేను తప్ప పురుగు కూడా ఉండదు. అంకె చిట్టీ మీద రాసి నీ చేతిలో పెడతాను. పలకను. ఆమెకు ఇది చెప్పు, ఒప్పుకుంటుంది.

మామ


నిజామాబాద్,
7 డిసెంబర్ 1997

మామా,

ఈ ఉత్తరం బోధన్ బస్సు కండక్టరుతో పంపుతున్నాను. అవ్వ చెబుతోంది, నేను రాస్తున్నాను, నా మాట ఒక్కటీ లేదు:

"అన్నా, తలుపులు బందు పెట్టకు. దొంగసొమ్ము తూచినట్లు నన్ను తూచద్దు. పోశయ్య ఉండాలె. ఆనాడు నవ్వినోళ్లు దొరికితే వాళ్లూ ఉండాలె. నువ్వు రైతులకు ఎట్ల పలుకుతవో గట్లనే పలుకు. నీ ఇజ్జతు పోతదని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. దాసిపెడితేనే పోతదని ఆ బల్ల మీదికెంచి జారినంక తెలిసింది."

అంతే. ఆకు తడపాలి, లేస్తాను అంటోంది.

తుకారాం


నిజామాబాద్,
23 డిసెంబర్ 1997

మామా,

తొమ్మిదిన నువ్వు కాటా దగ్గర ఉన్నావు, కానీ దండె మీద గుండునే చూస్తున్నావు. నేను అవ్వ ముఖం చూస్తున్నాను. నీ గొంతు "నూట" దగ్గర ఆగిపోయినప్పుడు ఆమె కళ్లు మూసుకోలేదు. "పలుకన్నా, రైతుకైతే గిట్లనే ఆగుతవా?" అన్నప్పుడు ఆమె మూతి వంకర నవ్వు నీకు కనిపించి ఉండదు. నువ్వు "నూట ముప్పై ఎనిమిది" అని యార్డు చివరిదాకా వినిపించేలా పలికాక, ఎవడైనా నవ్వుతాడేమోనని నేను పిడికిలి బిగించి నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. పోశయ్య వచ్చి, దిగడానికి భుజం ఇచ్చాడు. కొట్టడానికి సిద్ధపడ్డ చేయి దించుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

ఇక పదమూడో తారీఖు సంగతి. నిన్ను మెట్ల కిందే ఆపేశారు కదా, లోపల జరిగింది తిరుపతమ్మ చెప్పింది. వెల్డింగు మనిషితో బల్ల కింద ఇనుప కాళ్లు వేయించారు, పక్కలకు చెక్కలు బిగించారు. పైకెత్తే పంపు ముట్టుకోలేదు. దుప్పట్లు మడిచి మెట్లమెట్లుగా పేర్చి, అవ్వ తల, భుజాలు ఎత్తులో ఉండేలా పడుకోబెట్టారు. అలా ఉంటే ఊపిరి ఆడింది. హైదరాబాద్ నుంచి పొడవు సూది తెప్పించారు, అది అందింది. లోపల పేగు నల్లబడటం మొదలై ఉంది, వేడి నీళ్ల గుడ్డ వేస్తే రంగు తిరిగిందట. ఇంకా ఆలస్యమైతే కోసి పారేయాల్సి వచ్చేదట. రెండున్నర గంటలు పట్టింది. అంతసేపూ అవ్వ కాలు జారకుండా పట్టుకొని నిలబడింది కాశయ్య. క్రేను మాట అన్నవాడే. వాణ్ణి ఇంకా క్షమించలేదు. కాలు పట్టుకున్నాడన్నది మాత్రం దాచకుండా రాస్తున్నాను.

ఇప్పుడు నేను నీకు మాత్రమే చెప్పే మాట. ఐదో రోజు కుట్ల మధ్య నుంచి చీము కారింది. కొవ్వు పొర మందంగా ఉన్నవాళ్లకు గాయం తొందరగా మానదని, రోజుకు రెండుసార్లు కడగాలని చెప్పారు. నర్సు ఒకసారి చేసి, ముక్కు మూసుకొని పోయింది. నేను చేస్తానన్నాను, పెద్ద ఆదర్శవాదిలాగా. పొట్ట మడత పైకెత్తి పట్టుకోవాలి, కింద తుడవాలి, ఆరబెట్టాలి. ఆ వాసనకు మొదటి రోజు వరండాలోకి ఉరికి వాంతి చేసుకున్నాను. తిరిగి వస్తే అవ్వ గోడవైపు తిరిగి ఉంది. "నర్సమ్మనే పిలువు బిడ్డా," అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఆర్మూర్ బస్సులో ఆమె కూర్చున్న సీటు పక్కన జాగా ఉండి కూడా, నేను వెళ్లి డ్రైవర్ వెనక నిలబడ్డాను. ఎవరైనా చూస్తారని. ఆమె చూసింది. డాక్టర్ల మీద, నర్సుల మీద, నీ మీద ఇన్ని పేజీలు రాశాను. ఆ బస్సు సంగతి ఏ కరపత్రంలోనూ వేయలేదు.

నర్సును పిలవలేదు. ఇప్పటికి పదకొండు సార్లు కడిగాను. వాసన పోలేదు, నాకు అలవాటూ కాలేదు. ఊపిరి బిగబట్టి చేస్తున్నాను. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆమెను నడిపించమన్నారు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, నా భుజం మీద చేయి వేసి నడుస్తోంది. బరువుగానే ఉంటుంది. చూసేవాళ్లు చూస్తున్నారు.

తుకారాం


బోధన్,
19 జనవరి 1998

అల్లుడు తుకారాంకు,

గాయం ఎండిందని కండక్టరు చెప్పాడు. మా ఇంట్లో పొయ్యి మీదికి పాయసం ఎక్కింది.

యార్డులో ఏమైందో నీకు చెప్పాలి. నేను అనుకున్నది వేరు. చెల్లె తూకం మర్నాడు వర్ని రైతు వచ్చి, "రెండేండ్ల కింద తప్పు పలికినవంట గదా" అన్నాడు. అవునన్నాను. బండిలోని పదహారు ముద్దలూ మళ్లీ తూపించాడు. నేను మళ్లీ తూచాను. అంకె అదే వచ్చింది. నా తూకాన్ని ఒకడు మళ్లీ తూపించడం ముప్పై ఏళ్లలో మొదటిసారి. వాడి తప్పు లేదు. ఇంకా ఇద్దరు ముగ్గురు అలాగే అడిగారు, తూచి చూపించాను. ఈ సీజనంతా అడగనీ.

వచ్చే నెల జాతర. ఇరవై తొమ్మిది కిలోల బెల్లం నా దగ్గర ఉంది. మేడారం పోయే మా వాళ్ల బండిలో నేనే వేసి పంపుతాను. చెల్లెకు తెలియనవసరం లేదు. నీకు మొక్కులంటే పడదు కాబట్టి నీతో పని లేదు. తప్పు నాది, నేనే మోస్తాను.

మీ మామ
ఆత్మారాం


నిజామాబాద్,
24 జనవరి 1998

మామా,

కొత్త కరపత్రం ఒకటి తీశాను. యజమానిని అడిగే తీశాను. తొంభై ఎనిమిది తప్పు అని, అది సరిచూడకుండా వేసింది నేనే అని మొదటి వాక్యంలో ఉంది. బల్ల రేకు దొంగది కాదని రెండో వాక్యం. తర్వాత పట్టీ, సూది, స్ట్రెచర్, గుడ్డ కప్పని ఆరుగురు, క్రేను మాట. వాటిలో ఒక్క అక్షరం తీయలేదు. ప్రూఫు రాజనర్సుకు చూపించాను. నీ పేరు కొట్టేయమన్నాడు, కొట్టేశాను. క్రేను మాట దగ్గర పెన్సిల్ ఆగింది, కొట్టేస్తాడనుకున్నాను. కింద ఇంకో వాక్యం రాశాడు: "ఆసుపత్రిలో పనిచేసే తూకం యంత్రం లేదు." ఇప్పుడు ఒకటి తెప్పించారు, రెండు వందల కిలోలది. దాన్ని కాశయ్య రోజూ తుడుస్తాడు. మొన్న మోస్రా నుంచి వచ్చిన ఒకామె ఎక్కనంటే, వాడే ముందు ఎక్కి తన అంకె బిగ్గరగా చెప్పాడట. అయినా ఆ వెధవను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నీ ఉత్తరం అవ్వకు చదివాను, అన్నీ చదువుతున్నాను ఇప్పుడు. బెల్లం సంగతి విని చాట పక్కన పెట్టింది. "మళ్ల దొంగతూకమేనా?" అంది.

నాకు సమ్మక్క మీద నమ్మకం రాలేదు, రాదు. కానీ ఆ రోజు ఆమె పసుపు చీర కట్టుకొని కాటా ఎక్కింది నా ప్రాణానికి. అందులో ఇరవై తొమ్మిది కిలోలు ఇంకా యార్డు మూలనే పడి ఉన్నాయి. అవి ఎవరికీ తెలియకుండా బండెక్కకూడదు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాం. అవ్వ కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. ఆ బెల్లం కాటా దగ్గరికి తెప్పించి పెట్టు, పోశయ్యను ఉండమను.

గుండు నువ్వు జరుపు. అంకె నేను పలుకుతాను.

తుకారాం